ఒంటి మీసం

రెండేళ్ళ కొలువు. పదహారు నెలలు అయిపోయాయి.
నియామక పత్రంలో నా పని ఒక్క వాక్యం:
పదిహేడో శతాబ్దపు ఐరోపా చిత్రాల్లో నీరు, నేల, ప్రాణులు.
ఈలీ ఊళ్ళో, నదికి రెండు వీధుల అవతల,
ఒకప్పటి ధాన్యపు కొట్టు ఇప్పుడు మ్యూజియం.
మెట్ల మలుపులో, వెలుతురు సరిగా పడని చోట
నా బొమ్మ.

నాది అంటున్నాను, ఎవరూ అడగరు కనక.

వంటింటి బల్ల. రాగి గిన్నె. సగం ఒలిచిన ఉల్లిపాయ.
బల్ల అంచు నుంచి తోక వేలాడేసి
గోధుమరంగు మచ్చల చేప.
కింద ఇత్తడి రేకు: ఈల్ చేప, చిత్రకారుడు తెలియదు.
ఈల్ అంటే మన మలుగు లాంటిదే.
ఊరి పేరు దాన్నించే వచ్చిందంటారు ఇక్కడ,
కిందనున్న కొట్లో కప్పుల మీదా తువ్వాళ్ళ మీదా అదే.

భూతద్దం పట్టుకుని మూడు వారాలు చూశాను.
వీపు మీది రెక్క ఒకచోట తెగింది.
ఈల్‌కి తెగదు.
వార్నిష్ పసుపు కింద, గడ్డం దగ్గర,
ఒకే ఒక్క కుంచె వెంట్రుకతో గీసినట్టు
ఒంటి మీసం.

బర్బట్.
ఈ దేశపు నదుల్లో చివరిది అరవైల చివర దొరికింది.
తర్వాత లేదు.

ఈ బొమ్మ ఆరిన కాలంలోనే
ఊరి చుట్టూ బాడవ నేలకి కాలవలు తవ్వారు.
గాలిమరలు నీళ్ళు తోడాయి. నేల
ఎండబెట్టిన వడియంలా ముడుచుకుంది.
ఇప్పుడు రైల్లోంచి చూస్తే
నది పైన, పొలాలు కింద.

మా నాన్న కొల్లేట్లో సర్వేయరు.
ఐదో కాంటూరు రాళ్ళు పాతించాడు.
నీళ్ళు వాటినెప్పుడూ లెక్కచెయ్యలేదు,
చేపల చెరువుల వాళ్ళూ అంతే.
ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పలేదు నేను.
పరిశోధనా పద్ధతి గురించి చెప్పాను.

గురువారాలు సిరిల్ పాస్క్ వస్తాడు,
ఎనభై ఒకటో ఏడు, జీతం లేని కాపలా.
నా ల్యాప్‌టాప్‌లో మీసం అరచెయ్యంత కనపడుతుంటే
వెనక నిలబడి అన్నాడు:
"అది ఈల్ కాదమ్మా. నేను తిన్నాను దాన్ని."

తొమ్మిదేళ్ళప్పుడట. జనవరి, రాత్రి గాలం.
వాళ్ళ నాన్న తల కొట్టేసి, పిండిలో దొర్లించి వేయించాడు.
కార్జం మాత్రం పిల్లలకి పెట్టలేదు,
పెద్దవాళ్ళే తిన్నారు, ఇంకా కోపం ఉంది ఆయనకి.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"
"రేకు మీద రాసి ఉందిగా," అన్నాడు.
కాసేపాగి, టోపీ అంచు నలుపుకుంటూ,
"ముప్పై నాలుగేళ్ళు పంపింగ్ స్టేషన్లో చేశాను.
నీళ్ళని బయటికి తరిమేసే పని.
అప్పుడూ నన్నెవరూ ఏమీ అడగలేదు."

పేరు మార్చడానికి ఒక ఫారం ఉంది.
ఆధారాలు అన్న గడిలో
రెక్కల లెక్క, మీసం, రంగుల పరీక్ష రాశాను.
చివర ఒక వరస మిగిలితే
సిరిల్ పాస్క్, నాలుక, అని రాశాను.

కమిటీ తిప్పి పంపింది. ఆ చివరి వరస తీసెయ్యమంది.
తియ్యలేదు.
ఫిబ్రవరి వెళ్ళింది, మార్చి వెళ్ళింది.
జాతి పేరు మీద నిపుణుడి ఉత్తరం కావాలన్నారు,
తెచ్చాను. బడ్జెట్ అన్నారు. రేకు ఇత్తడిది కదా అన్నారు.

నా కొలువు నవంబరుదాకా.
ఈలోగా ప్రతి గురువారం పొద్దున
సిరిల్ మెట్లెక్కి వస్తాడు, మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటాడు,
టోపీ తీసి
ఆ రేకు మీద తగిలిస్తాడు, సాయంత్రందాకా.