ఎగుమతికి పనికిరాని పలక

గడియారం చూడొద్దంది నర్సు రూతమ్మ.
మా ఆయన దాన్ని గోడమీంచి దించి
బియ్యం డ్రమ్ములో పెట్టాడు.
ఇప్పుడది బియ్యంలోంచి కొట్టుకుంటోంది.

అయినా టైము తెలియకపోవడానికి
ఇదేమన్నా వేరే ఊరా, చీమకుర్తి.
రెండింటికి పాలిష్ మిషన్లు టీకి ఆగుతాయి.
ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువొస్తుంది,
మోతకి కాదు.
మూడింటికి రాళ్ళ లారీ ఒకటి గేరు మార్చి
కృష్ణపట్నం దారి పడుతుంది.
ఆ రెంటి మధ్య
నాలో ఎవరో పొయ్యి ముట్టిస్తారు.

బొడ్డు దగ్గర మొదలై, మెడకెక్కి,
చెవుల వెనకనించి
ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టు కుదుళ్ళ దాకా
సెగ.
దిండు తడుస్తుంది.
ఫ్యాను అయిదులో ఉన్నా ఆరు ఎక్కడుందా అని చెయ్యి తడుముతుంది.
నిమిషం తిరక్కుండా వణుకు,
దుప్పటేదీ అని వెతుకులాట.

మూడో కీమోతో ముట్లు ఆగిపోయాయి.
మామూలుగా అయితే మెల్లగా, వస్తూ పోతూ
నాలుగైదేళ్ళు పడుతుందంట.
నాకు ఒక్క నెలలో,
కరెంటోళ్ళు ఫీజు పీకినట్టు.
ఇప్పుడు రోజుకో మాత్ర, ఐదేళ్ళు.
ఆ మాత్రకీ ఈ మంటే.

మా అమ్మ కూడా ఇట్టాగే
పొగాకు బ్యారన్ నీడలో కూచుని
రవిక గుండీలు తీసేసి, తాటాకు ముక్కతో విసురుకుంటా
“పైత్యం చేసిందే” అనేది.
మేం నవ్వేవాళ్ళం.
పైత్యానికని నిమ్మకాయ పిండి ఇచ్చేదాన్ని.
ఏడేళ్ళు పిండాను.
ఒక్కసారన్నా పక్కన కూచుని విసరలేదు.

గోళ్ళు నేరేడు రంగుకి తిరిగాయి.
వేళ్ళ కొసలు నావి కావు,
జాకెట్టు హుక్కు పెట్టాలంటే కూతుర్ని కేకెయ్యాలి.
నోట్లో ఇంకా మేకు చప్పరించిన రుచి.
కీమోకి ముందురోజు మింగిన మాత్రల పుణ్యాన
ఒకసారి ఒంటిగంట రాత్రప్పుడు
పోపులడబ్బా మొత్తం చాటలో బోర్లించి
ఆవాలూ మెంతులూ ఒక్కొక్కటే వేరుచేశాను.
ఎవరూ చెయ్యమనలా.
పొద్దున మా ఆయన చూశాడు,
ఏమీ అనలా,
చారులో ఆ ఆవాలే వేశాడు.

ఆయన ఫ్యాక్టరీలో కట్టరు.
రెండో కీమో అయిన వారం
ట్రాలీలో ఒక పలక తెచ్చి కిటికీ కింద పరిచాడు.
నల్లరాయి, లోపల బంగారు నలుసులు,
మూలనించి మూలకి వెంట్రుకంత చీలిక.
ఎగుమతికి పనికిరాదని పక్కన పడేశారంట.
“చల్లగా ఉంటది, పొణుకో” అన్నాడు.
అంతకన్నా మాట్లాడ్డం ఆయనకి రాదు.

సెగ రాగానే మంచం దిగుతాను.
ముందు చెంప, తర్వాత రెండు అరచేతులు,
తర్వాత కుట్లున్న పక్క, మెల్లగా.
అటుపక్క ఇప్పుడు చదునే గదా,
రాయికి బాగా ఆనుద్ది.

మూడుంబావుకి ఫోను ఒక్క రింగు మోగి ఆగిపోతుంది.
మాలకొండమ్మ. దర్శి మనిషి.
ఒంగోల్లో నా పక్క కుర్చీలో సెలైన్ ఎక్కించుకునేది.
ఒక రింగంటే మేలుకునే ఉన్నానని.
రెండంటే మాట్లాడాలని.
“ఏం చేస్తన్నా?”
“రాయి మీద బోర్లా పడున్నా. నువ్వు?”
“బక్కెట్లో కాళ్ళు పెట్టుకోని బాత్రూంలో కూచున్నా.”
రెండు ఇళ్ళలో ఎవరూ లేవకుండా
నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతాం.

మోగకపోతే నిద్రపోయిందని అర్థం.
మోగకపోవడానికి ఇంకో అర్థం గురించి
మేమెప్పుడూ అనుకోలేదు.

ఈ రాత్రి లారీ వెళ్ళిపోయింది.
మస్తానమ్మ ఇడ్లీపిండి గ్రైండరు మొదలైంది.
ఫోను మోగలేదు.
ఆమె పేరు మీద వేలు పెట్టి తీసేశాను.
నిద్రే వచ్చుంటే,
ఇన్నాళ్ళకి వచ్చినదాన్ని నా రింగు లేపుద్ది.

చెంప కింద పలక వెచ్చబడింది.
కొంచెం జరిగాను,
చల్లగా ఉన్న చోటికి,
చీలికకి అవతల.