తొమ్మిది నుంచి వెనక్కి

దుమగేటె రేవులో, వలలు బాగుచేసే కొట్టం వెనక,
రేకుల కింద ఒకే ఒక్క పూల్ బల్ల.
సముద్రం వైపు కాలు పొట్టిది.
దాని కింద బిస్కెట్ల అట్ట మడిచి పెట్టాం.
వానలకి అట్ట నానుతుంది,
బల్ల ఇంకో వెంట్రుకంత వాలుతుంది.

బంతులు పేర్చడం నా పని. ఆటకి అయిదు పెసోలు.

ఆ రాత్రి చివరి ఓడలో దిగిన జెర్విన్
తోలుసంచిలోంచి సొంత క్యూ తీసి మర బిగించాడు.
మొదటి దెబ్బకే రెండు బంతులు మాయం.
చప్పట్లు ఆగకముందే మరో రెండు.
అయిదో నంబరు మాత్రం పాకెట్ పెదవి తాకి
జానెడు వెనక్కొచ్చి ఆగింది.

నాంగ్ క్లోతిల్దె లేచింది.
ఎండుచేపల ఉప్పు చేతుల్ని గౌనుకి తుడుచుకుని
గోడకున్న క్యూల్లో వంకర తక్కువది ఏరుకుంది.

అయిదు, నోటిదాకా వచ్చిన ముద్ద.
ఆమె మాత్రం బల్ల చుట్టూ నడిచింది,
పాత పడవ కొనేవాడు చుట్టూ తిరిగి చూసినట్టు.
పెదాలు కదులుతున్నాయి:
తొమ్మిది, ఎనిమిది, ఏడు...
ఆరు దగ్గర ఆగిపోయాయి.
ఆరూ ఎనిమిదీ అవతలి అంచున
ఒకే దుప్పట్లో ఇద్దరిలా అతుక్కుని ఉన్నాయి.

అప్పుడు కొట్టింది. కొట్టిందనకూడదు,
అయిదుని బుగ్గ మీద తాకించింది.
అది అంచు వెంట నడుచుకుంటూ వెళ్ళి
ఆ జంటకి మూరెడు దూరంలో, మూల దగ్గర ఆగింది.
తెల్లబంతి తిరిగొచ్చి ఏడు వెనక నక్కింది.

"పసిపిల్ల కూడా వేసేదాన్ని వదిలేసింది!"
ఐసు మోసే ఫ్లోరో పగలబడి నవ్వాడు.
జెర్విన్ నవ్వలేదు. ఆడేవాడు కదా.
వంగి చూశాడు, దారి లేదు.
ఎదుటి అంచుకి కొట్టి తిరిగి రప్పించాలి.
కంటితో కొలిచాడు, క్యూతో కొలిచాడు,
అంచు మీద వేలుపెట్టి గురి గుర్తుంచుకున్నాడు.
అతని లెక్క తప్పలేదు.
నానిన అట్ట తప్పింది.
తెల్లబంతి సముద్రం వైపు వేలెడు జరిగి
అయిదుని తాకకుండానే దాటిపోయింది.

ఫౌల్. తెల్లబంతి ఆమె అరచేతిలోకొచ్చింది.
ఇక ఎక్కడ పెట్టుకుంటే అక్కడే.
అయిదు పడింది. ఆ ఊపులోనే తెల్లబంతి వెళ్ళి
దుప్పట్లో ఇద్దర్నీ విడదీసింది.
మిగతాది చెప్పడానికేం లేదు,
మెట్లు దిగినట్టు దిగింది తొమ్మిదిదాకా.

రెండో ఆట ఆమె ఓడిపోయింది.
ఈ కథ చెప్పేవాళ్ళెవరూ ఆ ముక్క చెప్పరు.

మూసే వేళ అడిగాను,
అయిదు అంత దగ్గరుంటే ఎందుకు వెయ్యలేదని.
చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండానే,
"వేశాక ఎక్కడ నిలబడతావే?" అంది.

అప్పట్నుంచి, అందరూ వెళ్ళాక
రంగుబంతులు పెట్టెలో పెట్టేసి
తెల్లదాన్ని ఒక్కదాన్నే బయట ఉంచుతాను.
బల్ల నడుమ ఎవరో ఒలికించిన సోయాసాస్ మరక,
పెసో బిళ్ళంత.
దాని మీద ఆపాలి, అంతే.
రేకుల మీద వాన దబదబలాడుతుంటే
గుడ్డకి తేమ పట్టి బంతి బద్ధకిస్తుంది.
నిన్న రెండు వేళ్ళ ఇవతల ఆగింది.
ఇవాళ, ఒక వేలు అవతల.