ఎనభై ఎనిమిది

విన్నిపెగ్‌లో మైనస్ ముప్ఫై.
అద్దం వెనక గదిలో నేను, మైకు, చల్లారిన కాఫీ.
అద్దానికవతల మిస్టర్ కోవల్చుక్:
రబ్బరు చర్మం, కంప్రెసర్ ఊదితే లేచే ఛాతీ.

నిజంలా ఉండాలని
నుదుటి మీద గ్లిజరిన్ చెమట చల్లాను.
దిండు పక్కన సగం నింపిన పదకేళి,
మంచం కింద ఒంటి చెప్పు.
పిల్లికూతలు కాస్త తగ్గించాను.
ఊపిరందని మనిషి
మరీ అంత చప్పుడు చెయ్యడు.

జెన్నా ఫ్లెట్ వచ్చింది. రెండో ఏడాది.
మాస్కు బానే బిగించింది.
ఆక్సిజన్ ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది.
ఆగాలి. అలాగే రాశాను.

అప్పుడు వంగి, ఆ ప్లాస్టిక్ చెవిలో
"ఎవరికైనా ఫోన్ చెయ్యమంటారా?" అంది.

స్క్రిప్టులో ఆ ప్రశ్న లేదు.
పంతొమ్మిదేళ్ల కిందట, అసలు కోవల్చుక్ దగ్గర,
గొట్టాలన్నీ రెండేసి సార్లు చూసుకున్నాను.
ఇది మాత్రం అడగలేదు.

మైకు నొక్కాను.
"మా అమ్మాయికి," అంది నా గొంతు,
ఆయనకు అమ్మాయి ఉందో లేదో తెలీకుండానే.

జెన్నా పదకేళి కాగితం వెనక్కి తిప్పి
పెన్ను మూత తీసింది.
"నంబరు చెప్పండి."