లింగోజు సామాను పట్టీ

ఒంగోలు కోర్టు రికార్డు గదిలో నా పని
కట్ట విప్పడం, దుమ్ము దులపడం,
గాజుపలక మీద కాగితాన్ని బోర్లా పెట్టడం.
కాగితానికి ముప్పై పైసలు.
చదవమని ఎవరూ చెప్పలేదు.

పన్నెండొందల తొంభై ఏడో ఫసలీ. కనిగిరి తాలూకా,
అప్పటికది నెల్లూరు జిల్లా.
బండ్ల వడ్రంగి, వీరోజు కొమారుడు లింగోజు
కాలం చేసినందున అమీను రాసిన పట్టీ.
గొలుసుకట్టు రాత. ఎక్కడా ఊపిరి తీసుకోదు.

ఉలులు తొమ్మిది, రెండింటికి మొన లేదు.
చిత్రిక ఒకటి.
చిన్న రంపం ఒకటి.
పెద్ద రంపం ధాత కరువులో తాకట్టు, విడిపించలేదు.

అక్కడ నా వేలు ఆగింది.
ధాత కరువు పోయి అప్పటికి పదకొండేళ్ళు.
పదకొండేళ్ళు ఏపిమానును చిన్న రంపంతో కోశాడా?
ఏపి సంగతి మా వైపు ఎవర్నయినా అడగండి,
గొడ్డలికే గాటు పెడుతుంది.

బాకీల కాగితం వేరే.
పామూరు బండికి ఇరుసు, రూపాయిన్నర, రాలేదు.
వెలిగండ్ల వారికి చక్రాల జత, సగం జొన్నలు ముట్టినవి.
ఒక గొర్రు, ఒక నాగలిమేడి, ఎవరికో పేరు లేదు,
ఇస్తాడులే అనుకున్నట్టు.

రాగిబిందె దగ్గర కలం తడబడింది.
"భార్య పుల్లమ్మ తనదనుచున్నది."
అది కొట్టేసి, "పుట్టింటిదనుచున్నది."
దాని కింద, చిన్నగా, "గట్టిగా అనుచున్నది."
బిందె వెల మీద అడ్డగీత.

తాటాకుల కట్ట, ఎలుకలు కొట్టినది, వెల లేదు.
ఆకుల కొలతలో, తత్వాలో, ఏం రాసుకున్నాడో.
ఆరు ఆకులు తొడిగి వదిలేసిన చక్రం, ఎనిమిదణాలు.
బాడిస ఒకటి, పిడి ఎడమచేతి వాటాన అరిగినది, రెండణాలు.

అరిగినది అంటే చాలదూ?
పట్టుకు చూసుంటాడు అమీను.
కలం పట్టే కుడిచేతికి
ఆ పిడి కుదరక
మళ్ళీ కింద పెట్టుంటాడు.

మొత్తం పదకొండు రూపాయల నాలుగణాలు.
కణుపుల మీద నేనూ కూడాను,
పదహారణాలకొక రూపాయి చొప్పున.
పదకొండు రూపాయల ఆరణాలు.
మళ్ళీ కూడాను. అంతే.
వేలం పట్టీ తిప్పాను. ఉలులు పోయాయి, చక్రం పోయింది,
చిన్న రంపం కూడా ఎవరో పాడుకున్నారు.
బిందె లేదు. బాడిస లేదు.

అమీనుకు లెక్కలు రావేమో.
ఎండేమో ఆ రోజు. కనిగిరి ఎండ, తెలుసుగా.

అడుగున పుల్లమ్మ నిశాని.
ఆడవాళ్ళు గాజు గీసేవాళ్ళట.
ఈమెది గుండ్రం కాదు.
నిలువుగా ఒక గీత, కొసన వంపు.

"ఎన్నయ్యాయి?" గుమ్మంలోంచి సూపర్‌వైజరు.
నలభై ఒకటి అన్నాను.
ఈ కాగితాన్ని రెండుసార్లు తీశాను,
రెండోది లెక్కలో చెప్పలేదు.