అరలీటరు

లీటరుకి పద్దెనిమిది ఇచ్చేది,
ఇప్పుడు తొమ్మిదికే తల వేలాడేస్తోంది.
తొంభై ఎనిమిది నాటి మారుతీ. రంగు తెలుపు,
తలుపుల కింద ఉప్పుగాలి కొరికినంత మేర తప్ప.
మొగల్తూరు కాలవ వంతెన ఎక్కాలంటే
రెండో గేరులో బతిమాలాలి.
వెనకున్న ఆటోవాడు హారన్ కొట్టడు, జాలిపడతాడు.
అదింకా బాధ.

నా పని రొయ్యల చెరువుల్లో నీళ్ళు చూడడం.
తెల్లారకుండా సీసాలు ముంచి
ఉప్పెంత, ప్రాణవాయువెంత, అమ్మోనియా ఎంత
కాగితం మీద రాసి
రైతు మొహంలోకి చూడకుండా చెప్పడం.
బండికి మాత్రం నేనే నాటువైద్యం చేశాను.
బంకు మార్చాను. టైర్లలో గాలి కొట్టించాను.
ఎవరో చెప్పారని ట్యాంకులో ఏదో ఎర్రమందు పోశాను.

పాలకొల్లు కాలవగట్టు మీద ఏసోబు షెడ్డు.
నేను చెప్పేది సగం విని
పెట్రోలు గొట్టం ఊడదీశాడు.
అరలీటరు సీసా ఒకటి బానెట్ కింద వేలాడదీసి
"నడపండి మేడంగారూ, ఆగినచోట ఆగుదాం" అన్నాడు.
దిగమర్రు రాకుండానే ఆగింది.
కొబ్బరి లారీలు పక్కనుంచి ఊపేస్తూ పోతుంటే
ఖాళీ సీసా వంక చూస్తూ నేనూ, ఆయనా, కుర్రాడు నూకరాజూ.
"మీరన్నది అబద్ధం కాదండి."
ఏదో గెలిచినట్టు తలూపాను.

షెడ్డుకొచ్చాక సోదా.
ఎయిర్‌ఫిల్టర్‌లో మిల్లు ఊక, మేత దుమ్ము,
రెక్కలు చెదరని ఒక తూనీగ.
మూడు ప్లగ్గులూ కాటుక కాయల్లా మెత్తని నలుపు.
వెనక చక్రం జాకీ మీద లేపి తిప్పితే
పావుచుట్టుకే నిలబడిపోయింది.
"మీరు తొక్కకపోయినా బ్రేకు తొక్కుకుంటోందండి.
ఉప్పునీళ్ళ గట్ల మీద తిప్పుతారేటి?"
అదే నా ఉద్యోగం అన్నాను.
"ఆయ్. ఇయ్యన్నీ చిల్లర దొంగలు లెండి."

ఇంజను ఆడించి టీ తెప్పించుకుని
వేడిసూది ముందు కూచున్నాడు.
టీ అయింది. రెండో టీ కూడా.
సూది పావు దగ్గరే పడుకుంది.
"ఎప్పుడూ ఇంతేనా?"
ఇంతే. వేడెక్కని బండని మెచ్చుకునే కొన్నాను.
ఆయన నవ్వలేదు. గొట్టం విప్పి వేలు పెట్టి చూపించాడు,
థర్మోస్టాట్ ఉండాల్సినచోట ఖాళీ.
ఏ రోహిణికార్తెలోనో ఎవడో మేస్త్రి పీకి పారేశాడట.
"ఇంతెండలో చలిజ్వరంతో తిరుగుతోందండి పాపం."

చల్లటి ఇంజను మాటిమాటికీ ఆగిపోతుంది.
ఆగకుండా నేను చోక్ లాగుతాను.
లాగిన చోక్ పిడికి నా సీసాల సంచీ తగిలిస్తాను,
మూడేళ్ళుగా.
బండి మొత్తంలో అంత మంచి కొక్కెం ఇంకోటి లేదు.
ఏసోబు సంచీ తీసి చేత్తో బరువు చూశాడు.
ఏమీ అనలేదు.
పిడిని బొటనవేలితో లోపలికి నెట్టాడు.
ఇంజను గొంతు మారింది.

గాలి మూసేసి మేత పోశానన్నమాట.
"మేత తగ్గించండి, ఏరేటర్లు తిప్పండి,
తెల్లారగట్ల రొయ్య పైకి తేలుతుందంటే
ఆకలై కాదు" అని
వెంపలో చెప్పాను, పేరుపాలెంలో చెప్పాను,
గట్టు మీద నా బండి నల్లగా దగ్గుతూ ఉండగా.

కొత్త థర్మోస్టాట్ భీమవరం బస్సులో
సాయంత్రానికి దిగింది, డ్రైవరు పక్కన, కాగితం పొట్లంలో.
మళ్ళీ అరలీటరు.
దిగమర్రు దాటింది. నూకరాజు పైకి లెక్కెట్టడం మొదలెట్టాడు.
ఎనిమిదిన్నర దగ్గర,
నరసాపురం దీపాలు కనిపిస్తూండగా సీసా ఆఖరి గుటక వేసింది.
"పాతికేళ్ళ పిస్టన్లండి," అన్నాడు ఏసోబు,
"ఇంతకి మించి అడక్కూడదు."

మర్నాడు చీకటితోనే బయల్దేరాను.
సూది లేచింది. పావు దాటి సగం వైపు పోతోంది.
భయమేసి ఆపేశాను.
బానెట్ ఎత్తి చూస్తే పొగ లేదు, కారడం లేదు.
వేడిగా ఉంది, అంతే. ఉండాల్సినంత.

సంచీ పక్కసీట్లో పెట్టాను.
మలుపు తిరిగినప్పుడల్లా సీసాలు ఒరిగి
ఒకదాన్నొకటి తట్టుకుంటున్నాయి.
చెయ్యి మాత్రం ఇంకా పిడి దగ్గరికే పోతోంది.