తీర్మానం నంబరు పదిహేడు

ఆ రాత్రి పంచాయతీ ఆఫీసులో కరెంటు లేదు.
సెల్‌ఫోన్లు బోర్లించి లైట్లు వేసుకున్నాం.
రిజిస్టరు నా ఒళ్ళో,
తడవకుండా పైన యూరియా సంచి.
విడవలూరు అవతల, కాలవ చివరూరు మాది.
పైనుంచి దొర్లుకొచ్చే ప్రతి నీళ్ళచుక్కా
చివరికి మా చెరువునే అడుగుతుంది, దారేదని.
తుపాను మూడో రోజు.
కలుజు మీద మోకాటి లోతు పారుతోంది.
కట్ట ఇంకా జానెడే మిగిలింది.

మా ప్రెసిడెంటు మస్తానమ్మ
కుర్చీ ఖాళీగా వదిలి బెంచీ చివర కూర్చుంది.
అందులో కూర్చుంటే అందరూ
నాకు నచ్చేదే చెబుతారంటుంది.
ముందుగా తమ్ముణ్ణి పంపేసింది:
"నువ్వు ఔనంటావు. అది నాకు తెలిసిందే.
పోయి టీ పట్రా."

గండి కొట్టాలా, వద్దా?

దశరథరామిరెడ్డి వద్దన్నాడు.
తెల్లారేసరికి తెరిపిస్తుందన్నాడు,
వాళ్ళ నాయన కాలంలో ఇంతకన్నా నిండినా
కట్ట నిలిచిందన్నాడు.
ఆ మాటలో ఆయన పొలం ఎంతుందో
ఆమె చేటలో తాలు చెరిగినట్టు చెరిగి చూసుకుంది.
చెరిగినా కొంత గింజ మిగిలింది.
అందుకే తల ఊపింది.

లస్కరు చెంచురామయ్య
ముప్పై ఏళ్ళు తూములు తిప్పినవాడు.
"నాకు తెల్దు మా" అన్నాడు.
ఆమె కసురుకోలేదు.
"ఏది తెల్దో చెప్పు" అంది.
"నీళ్ళు ఎంతొస్తాయో చెప్పగలను.
కట్ట ఎంత ఓర్చుకుంటాదో చెప్పలేను."

అప్పుడు గుర్తొచ్చాడు ఆమెకి, గదిలో లేనివాడు.
పోలయ్య.
ఎలకల కోసం కట్టపొడుగునా తిరిగినవాడు,
ఏ మీటింగుకీ ఎవరూ పిలవనివాడు.
వచ్చి గుమ్మం బయటే నిలబడితే
లోపలికి రమ్మని ఖాళీ కుర్చీ చూపించింది.
ఆయన కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని చెప్పాడు:
"తాడిచెట్ల కాడ కట్ట డొల్ల, తల్లీ.
పైకి చూస్తే కట్టే. లోపలంతా ఎలకల ఊరు.
తెగితే ఆడే తెగుద్ది."

తాడిచెట్లకి దిగువన కాలనీ. నూటపది గడపలు.

ఇక ఎక్కడ కొట్టాలన్నదే మిగిలింది.
లెక్కలు చూసే కరీముల్లా
ఫోను వెలుగులో సర్వే నంబర్లు చదివాడు.
ఉత్తరాన కొడితే నీళ్ళు మురుగుకాలవలో కలుస్తాయి,
ముప్పై ఎకరాల నాట్లు పోతాయి.
ఎవరివెవరివో వరసగా చదువుతూ
రెండెకరాల దగ్గర తన పేరూ చదివాడు.
గొంతు మారలేదు.
వేలు మాత్రం ఆ గీత మీద కాసేపు ఆగింది.

చెప్పాల్సినవాళ్ళందరూ చెప్పేశాక
ఒక్క మనిషి దగ్గరే మిగిలే నిశ్శబ్దం ఒకటుంటుంది.
దాన్ని పంచుకోవడానికి ఏ కోరమూ చాలదు.
టీ వచ్చింది. ఆమె తాగలేదు.
మీగడ కట్టేదాకా గ్లాసు వంకే చూసి
"ఉత్తరాన కొట్టండి" అంది.

ఆరింటికి వాన వెలిసింది.
తాడిచెట్ల కాడ కట్ట తెగలేదు.
నీళ్ళు దిగినందుకు తెగలేదో,
దిగకపోయినా తెగేది కాదో
ఎవరు చెప్పగలరు?
టీ బంకు దగ్గర చెప్పగలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు.

అలవాటు కొద్దీ నేను రాశాను,
"సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."
చదివించుకుని, సంతకం పెట్టబోయి ఆగింది.
"రెడ్డి వద్దన్నాడని రాయి.
ఎందుకు వద్దన్నాడో అదీ రాయి.
మళ్ళీ వానలొస్తాయి.
అప్పుడు కూడా ఆయన నాకు వద్దని చెప్పాల."
మరి పోలయ్య? సభ్యుడు కాదు గదా, అన్నాను.
"వచ్చినాడా లేదా?"
వచ్చినాడు. రాశాను.
వేలిముద్ర పక్కనే
కట్టమన్ను కూడా కాస్త అంటుకుంది కాగితానికి.

కరీముల్లాకి మళ్ళీ నారెవరిస్తారన్నది
ఎజెండాలో లేదు.
పేజీ తిప్పి
పద్దెనిమిది అని అంకె వేసి ఉంచాను.