ఏడుసార్లు కడిగిన చేతులు

రాత్రి యార్డులో ఆఖరి లారీకి తాడు బిగించి
సబ్బుతో మూడుసార్లు, మజ్జిగతో రెండుసార్లు,
మస్తాన్ తెచ్చిన కొబ్బరినూనెతో ఒకసారి,
బస్టాండు కుళాయి దగ్గర మళ్ళీ ఒకసారి
కడుక్కున్నాను.
తేజ రకం అంత తేలిగ్గా వదలదు.

మంగళగిరి దాటేసరికి
మస్తాన్ నా భుజం మీద గుర్రు పెడుతున్నాడు.
వాడికి టోర్నమెంటు కావాలి.
నాకు, ఇంకా బయటికి రాని ఆ ఆటని
ఒక్కసారి నా చేత్తో ఆడి చూడాలి. అంతే.
పగిలిన ఫోనులో దాని ట్రైలరు ఎన్నిసార్లు చూశానో,
కోల్డు స్టోరేజీ వాచ్‌మన్ రాఘవులుకి కూడా
ఆ సంగీతం కంఠతా వచ్చేసింది.

బెజవాడ. బైపాసు పక్కన హాలు.
గేటు నుంచి చెరుకురసం బండి దాకా వరస,
బండి చుట్టూ ఒక మెలిక తిరిగి మళ్ళీ గేటు దాకా.
ఇంతమందిమా మేము!
ఒక్కొక్కడం ఒక్కో దుప్పటి కింద
తిట్లు తింటూ ఆడుకునేవాళ్ళం అనుకున్నానే.

సెక్యూరిటీ అతను నా జేబు తడిమి ఉలిక్కిపడ్డాడు.
"ఇదేంటయ్యా?"
"దబ్బనమండీ. బస్తాలు కుడతాం."
నా వెనక నిలువెత్తు కత్తితో నిలబడ్డ రాక్షసుణ్ణి వదిలేశాడు,
అట్టముక్క కత్తి కదా.
నా దబ్బనం మాత్రం డబ్బాలో పడింది.
పురికొస ఉండ తిరిగిచ్చాడు.

లోపల చలి. పొగ. ఛాతీలో కొట్టే చప్పుడు.
స్తంభానికి నిన్నటి పెళ్ళి బంతిపూల దండ, ఎవరూ తియ్యలేదు.
దాని కింద ముగ్గురు మాంత్రికులూ ఒక రోబో
టిఫిను డబ్బాలో పులిహోర పంచుకుంటున్నారు.
పక్కనే రెక్క విరిగిన గద్దపిల్ల.
"పటమట నుంచి ఆటోలో వచ్చానన్నా, కడ్డీకి తగిలి..."
థర్మోకోలు రెక్కకి టిక్కీ మూతి ముడి వేశాను.
"నలభై కిలోలు ఆపే ముడి తల్లీ, ఊడదు."
కళ్ళు తుడుచుకుని జనంలోకి ఎగిరిపోయింది.

రెండు గంటల నలభై నిమిషాలు.
ముందువాడి చెవి వెనక మచ్చ ఇక జన్మలో మర్చిపోను.
ఆటలో తన పేరేంటో చెప్పాడు.
"ఓరి! మొన్న వంతెన కింద నుంచి నన్ను కాల్చింది నువ్వా!"
చెయ్యి చాచాడు.
నేను ఇవ్వబోయి, ఆగి, నమస్కారం పెట్టాను.
వింతగా చూశాడు.

నా వంతు. మూడు నిమిషాలు.
వాన పడుతున్న కొండ. గడ్డి కదిలింది.
కత్తి తియ్యలేదు, ఎవర్నీ వెతకలేదు,
అంచు దాకా నడిచి నిలబడ్డాను.
"అన్నా, మిషను అటు కాదు, ఇటు" అన్నాడు టీషర్టు కుర్రాడు.
నాకు తెలుసు.
ట్రైలరులో ఈ గాలి చప్పుడు లేదు.

నా తర్వాత కళ్ళజోడు పిల్లాడు, పదేళ్ళుంటాయేమో.
ఆట మధ్యలో కళ్ళజోడెత్తి
ఒక కన్ను నలుపుకున్నాడు.
తర్వాత రెండోది.
ధారలు.
కెమెరాలు పరిగెత్తుకొచ్చాయి.
"చూడండి! ఆట చూసి ఏడుస్తున్న అభిమాని!"
పెద్ద తెర నిండా వాడి మొహం, హాలంతా చప్పట్లు, ఈలలు.
నేనొక్కణ్ణే కాఫీ కొట్టు వైపు తోసుకుంటూ
"పాలు! చల్లటి పాలు!" అని అరుస్తున్నాను.

పాలు ముంచిన జేబురుమాలు కళ్ళ మీద అద్దుతుంటే
వాళ్ళమ్మ చేతులు నావి కాదు, నా గోళ్ళ చివర్లు చూసింది.
"గుంటూరా?"
తల దించుకున్నాను.
"మా నాన్న కూడా యార్డే. నన్నెప్పుడూ మోచేత్తోనే ఎత్తుకునేవాడు."
ఇంకేం అనలేదు. రుమాలు తను తీసుకుంది.

పిల్లాడు ఒక్క కన్ను తెరిచాడు,
పండుమిరపకాయలా.
"అంకుల్, నా టైము అయిపోయిందా?"

టీషర్టు కుర్రాడితో గొడవ పెట్టుకున్నాను.
నిమిషంన్నర ఇంకా బాకీ.